కల్నల్ మెకంజీదొరయు గ్రామ కైఫియతులును

చదువరులారా, మన పాఠశాలలో చరిత్ర చదువు పిల్లలు పానిపట్టు యుద్ధములు మూడింటిని తేదీలతో సహా అప్పగింపగలరు. కాని విశాఖపట్టణమందలి కోట వీధిని దినమునకు రెండుసారులు నడచు బాలుని బిలిచి, నాయనా, ఈ వీధిలో కోట యెక్కడనున్నది, దానిని గట్టినవారెవరు, అదియేమైనదని యడిగినచో వాడు నోరు మెదపడు. ఆ సంగతి యే పాఠములోను లేదు. ఇంటివద్ద చెప్పు పెద్దలును తగ్గిపోయినారు. ఊరూరికి మనుష్యులను బంపి సరిగా ఇట్టి ప్రశ్నలనే యడిగించి, వచ్చిన సమాధానములను వ్రాయించి, వానిని తన ప్రాణముతో సమానముగా దాచిన పురుషుడొకడు రెండువందల యేండ్లక్రిందట మన దేశమున నుండెను. ఆయన పండితుడు గాడు, పాదిరియు గాడు. కుంఫిణీవారి దండులో ఇంజనీరు. ఆయన పేరు కాలిన్ మెకంజీ. ఆయన చరిత్రమును, ఆయనకు కుడిభుజముగా నిలిచిన ఏలూరి సోదరుల చరిత్రమును ఈ సంచికలో చెప్పదలచితిమి. ఆ రెంటిని వేఱు చేసి చెప్పుట మాకు సాధ్యము గాలేదు.

స్కాట్లండు దేశమునకు వాయవ్యదిశను సముద్రమధ్యమున లూయిస్ అను దీవి గలదు. అచ్చట చెట్లు తక్కువ, గాలి యెక్కువ. ఆ దీవిలోని స్టోర్నవే యను చిన్న రేవుపట్టణమున 1754 వ సంవత్సర ప్రాంతమున మెకంజీ జన్మించెను. తండ్రి ఆ యూరి వర్తకుడు. కుమారుడు పెరిగి పెద్దవాడై సుంకపు కచేరీలో ఉద్యోగము చేయుచుండెను. గణితశాస్త్రమన్న నతనికి మిక్కిలి ప్రీతి. లాగరిథములను కనిపెట్టిన జాన్ నేపియరు వంశమున బుట్టిన నేపియరు ప్రభువు తన పూర్వికుని జీవితమును వ్రాయబూని, హిందువులకు పూర్వకాలమున ఎట్టి గణితము తెలిసియుండెనో విచారింపగోరి, ఈ యువకుని సాయమడిగెను. ప్రభువు 1773 లో మరణించుటచే ఆ గ్రంథము నడుమనే నిలిచిపోయెను. యువకుని మనస్సున మాత్రము హిందూదేశమును చూడవలెనను కోరిక నిలిచిపోయినది.

ఆ కోరిక నెఱవేఱుటకు పదియేండ్లు పట్టెను. 1783 లో, ముప్పదియేండ్లకు చేరువైన వయస్సున, మెకంజీ కుంఫిణీ సైన్యమున జేరి చెన్నపట్టణమున దిగెను. మఱల స్వదేశమును చూడనేలేదు. వచ్చిన క్రొత్తలో నేపియరు ప్రభువు కూతురును ఆమె భర్తయైన జాన్‌స్టనుదొరయు ఆయనను మధురకు పిలిపించుకొనిరి. అచ్చట బ్రాహ్మణ పండితులతో పరిచయమయ్యెను. గణితమును వెదకబోయిన మెకంజీకి మధురలో అంతకంటె పెద్దదియైన గని కనబడెను. ఈ దేశపు చరిత్రము ఒక గ్రంథములో లేదు. దేవాలయముల గోడలమీదను, తామ్రశాసనములలోను, తాటియాకులలోను, ముసలివారి నోళ్లలోను చెదరియున్నదని ఆయన గ్రహించెను.

గ్రహించుట యొకటి, చేయుట యొకటి. తరువాతి పండ్రెండు పదుమూడేండ్లు ఆయనకు గొలుసు మోయించి నేల కొలిపించుటతోను, యుద్ధములతోను సరిపోయెను. నెల్లూరునుండి ఉత్తరముగా దారులను కొలిచెను. గుంటూరు సర్కారు 1788 లో కుంఫిణీవశము గాగా అచ్చటను కొలతపనిలో నుండెను. 1790 మొదలు 1792 వఱకు టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధమున పనిచేసి, పిమ్మట నైజామురాజ్యపు పటమును తయారుచేయుటకు నియుక్తుడయ్యెను. 1794 లో శ్రీశైలమెక్కి ఆ దేవాలయమును చూచి వ్రాసిన వృత్తాంతము కొన్నియేండ్లకు ఆసియా పరిశోధనల సంపుటమున అచ్చుపడెను. ఇంత తిరిగినను మన భాషలలో నొక్కటియు ఆయనకు పట్టువడలేదు. ఈ మాటను ఆయన తరువాత తానే నిస్సంకోచముగా ఒప్పుకొనెను. గోడమీది శాసనము ఎదుటనున్నది, చదువువాడు లేడు. ఊరి కరణము చెప్పుటకు సిద్ధముగా నున్నాడు. వినువానికి అర్థము గాదు. ఇట్టి స్థితిలో 1796 లో ఆయనకు కావలి వెంకట బొఱ్ఱయ్య లభించెను.

బొఱ్ఱయ్య ఏలూరివాడు, నియోగిబ్రాహ్మణుడు. అప్పటికి ఇరువదియేండ్ల వయస్సువాడు. సంస్కృతాంధ్రములు చదివి, ఇంగ్లీషు నేర్చి, మఱికొన్ని దేశభాషలును వశపఱచుకొనిన తీక్ష్ణబుద్ధి. దొరవద్ద దుబాసిగా జేరెనని చెప్పినచో ఆ మాట చాలదు. పని యెట్లు చేయవలెనో నిర్ణయించినవాడు బొఱ్ఱయ్యయే యని మా యభిప్రాయము. ఏ యూరిలో ఎవరిని ముందుగా పలుకరింపవలెను, పూజారివద్ద నుండు స్థలపురాణమునకును కరణమువద్ద నుండు దండకవిలెకును భేదమేమి, ఇనాముదారుని తామ్రశాసనము చూపుమని యెట్లడిగిన చూపును, ఈ సంగతులు దొరతనపు కచేరీలో కూర్చుండినవారికి తెలియునవి గావు. ఊరిలో పుట్టి పెరిగినవానికే తెలియును. ప్రాచీనలిపులను చదువుటకు ఆయనయే అలవాటుపడి, తనక్రింది పనివారికిని నేర్పెను.

శ్రీరంగపట్టణము 1799 లో కుంఫిణీవారి వశమయ్యెను. మఱుసటి సంవత్సరమున మైసూరుదేశమును కొలుచు పని మెకంజీకి అప్పగింపబడెను. సుమారు 40,000 చదరపు మైళ్ల దేశము అది. పదియేండ్లు పట్టిన ఆ కొలతపనిలో నేల కొలుచువారొకవైపునను, ఊళ్ల చరిత్ర విచారించువారొకవైపునను కలిసి నడచిరి. ఈ రెండవ పనికి కుంఫిణీవారిచ్చిన ధనము స్వల్పము. వెచ్చములో చాలభాగమును మెకంజీ తన జీతమునుండియే భరించెను. పై యధికారులకు పటములయందున్న శ్రద్ధ కైఫియతులయందు లేకుండెను. పటముతో పన్ను వచ్చును, కైఫియతుతో రాదు.

ఇట్లుండగా 1803 లో బొఱ్ఱయ్య కాలధర్మము నొందెను. అప్పటికాయన వయస్సు ఇరువదియేడేండ్లు. దొరవద్ద పనిచేసినది ఏడేండ్లు మాత్రమే. మెకంజీ తన జీవితాంతము వఱకును ఆయనను మఱవలేదు. ఈ సంగ్రహమునకు మార్గము చూపినవాడు ఆ యువకుడేయని, 1817 లో తన మిత్రుడైన సర్ అలెగ్జాండర్ జాన్‌స్టనుకు వ్రాసిన లేఖలో స్పష్టముగా తెలిపెను. ఆ కాలపు దొరలలో తమక్రింద పనిచేసిన దేశీయుని గూర్చి ఈ రీతిని వ్రాసినవారు అరుదు.

అన్న స్థానమున తమ్ముడు లక్ష్మయ్య నిలిచెను. మఱియొక తమ్ముడు రామస్వామియు అదే కొలువులో నుండెను. అన్న కాలమున పదిమందితో నడచిన పనిని దేశమంతటికి వ్యాపింపజేసినవాడు లక్ష్మయ్య. దత్తమండలములకు నారాయణరావు, దక్షిణమున అరవదేశమునకు నిటల నాయన, ఇట్లు ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్కరిని పంపి, వారివద్దనుండి నెలనెలకు పని వృత్తాంతములను తెప్పించుకొనుచుండెను. ఏ యూరికి పోయితిమి, ఎవరితో మాటలాడితిమి, ఏ కాగితము దొరికినది, ఎవరు లేదనిరి, ఇవన్నియు వ్రాయవలెను. ఆ వృత్తాంతములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. కైఫియతులకంటెను వీనిని చదువుటయే మాకు మనోహరముగా నుండును. ఏలయన, చరిత్ర యెట్లు చేతికి వచ్చునో అందు కనబడును.

ఊళ్లవారు వీరిని చూచి భయపడిరి. సర్కారు దొర పంపిన మనిషి వచ్చి, మీ యగ్రహారము నెవరిచ్చిరి, ఎంత భూమి, హద్దులేవి యని యడిగినచో, ఇనాము లాగుకొనుటకో పన్ను హెచ్చించుటకో వచ్చెనని యనుకొనుట సహజమే గదా. కొందఱు తామ్రశాసనములను దాచిరి. కొందఱు కవిలెలు కాలిపోయినవనిరి. కొందఱు నేడు రమ్మని రేపు రమ్మని త్రిప్పిరి. కచేరీ యధికారుల సిఫారసు పత్రములు చేతనుండినను, కరణము మనస్సు కరగనిది ఆకు కదలదు. వీరు అరుగుమీద కూర్చుండి, మంచిమాటలాడి, నకలు వ్రాసికొని అసలును తిరిగి యిచ్చివేసి, నమ్మకము సంపాదించుకొనవలసి వచ్చెను.

ఇక కైఫియతనగా నేమి? ఒక గ్రామమునకు ఆ పేరెట్లు వచ్చినది, ఎవరు కట్టించిరి, ఏ రాజుల యేలుబడిలో నెవరికి దత్తమయ్యెను, గుళ్లెన్ని, వానికి మాన్యమెంత, చెఱువు త్రవ్వించినదెవరు, కరణీకము ఏ యింటివారిది, ఏ కఱవులో ఊరు పాడుపడి మఱల ఎప్పుడు కుదురుకొన్నది, పొలిమేర యెందాక, ఇవి అందులో నుండును. వాడుకతెలుగులో కరణాల రీతిని సాగును. పారసీ మాటలు కుప్పలు. పండితులు దీనిని వాఙ్మయమని లెక్కింపలేదు. అయినను రెండువందల యేండ్లనాటి సామాన్యవచనము ఎట్లుండెడిదో తెలియగోరువారికి వీనిని మించిన నిధి లేదు.

అందులోనున్నదంతయు నిజమని చదువరులు భ్రమపడరాదు. గజపతులు సింహాసనమునకు వచ్చినది 1434 లో. కొన్ని కైఫియతులు వారిని అంతకు కొన్నివందల యేండ్ల ముందునకే నెట్టి, కరణీకపు మిరాశీలను వారిచేత ఇప్పించినట్లు చెప్పును. ఏల? పాతదైనకొలది హక్కు బలపడునని కరణము తలంపు. ఆ లెక్క తప్పే. కాని ఆ తప్పునందును ఒక నిజము కలదు. ఊరివారు దేనిని కాపాడుకొనజూచిరో అది తెలుపుచున్నది. శాసనములతో పోల్చి తూచగల చరిత్రకారునకు ఇవి పనికివచ్చినవి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు వ్రాయగా మన వాల్తేరులోని ఆంధ్రవిశ్వవిద్యాలయమువారు 1948 లో ప్రకటించిన రెడ్డిరాజ్యచరిత్రకు ఉపకరించిన సాధనములలో ఈ స్థానిక చరిత్రలును గలవు.

అమరావతి సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1796 ప్రాంతమున అచ్చట క్రొత్త పట్టణము గట్టించుచు, దీపాలదిన్నె యను మట్టిదిబ్బనుండి రాళ్లను త్రవ్వించిరి. చెక్కడపు పనిగల పాలరాళ్లు బయలుపడెను. 1797 లో మెకంజీ పోయి చూచి, ఇది యెన్నడును చూడనట్టి శిల్పమని ఆశ్చర్యపడి, పైవారికి తెలిపెను. కాని కొలువు ఆయనను మఱొకవైపు లాగెను. మఱల వచ్చునప్పటికి 1816. ఆ నడిమి కాలములో దిబ్బ నడుమ గుంటయై పోయెను. రాళ్లు కొన్ని ఇండ్లకు మెట్లయ్యెను, కొన్ని చెఱువుగట్టున జేరెను, కొన్ని సున్నమయ్యెను. అప్పుడాయన తన పనివారిని నిలిపి, మిగిలిన ప్రతి ఫలకమును కొలిపించి చిత్రములు వ్రాయించెను. ఆ పని ఆయన మనుష్యులచే మఱి కొన్నియేండ్లు సాగెను. ఆ చిత్రములలోని ఫలకములు కొన్ని నేడు ఎక్కడను లేవు. కాగితముమీద మాత్రమే యున్నవి. అది బౌద్ధస్తూపమని మెకంజీకి తెలియదు; తన కాలమున తెలిసినవారును లేరు. తెలియనిదానిని కూడ ఉన్నదున్నట్లు వ్రాయించియుంచుట ఆయన గొప్పతనము.

మిగిలిన యుద్యోగచరిత్రమును క్లుప్తముగా చెప్పెదము. 1810 లో చెన్నరాజధానికి సర్వేయరు జనరలయ్యెను. 1811 లో జావాదండయాత్రతో పోయి రెండేండ్లు ఆ దీవిలో నుండి, డచ్చివారి కాగితములను సంగ్రహించుటయేగాక, 1812 లో పెట్రొనెల్లా యను కన్యను బటేవియాలో వివాహమాడెను. 1815 లో హిందూదేశమంతటికి మొదటి సర్వేయరు జనరలుగా నియమింపబడెను. 1816 లో థామస్ హికీ యను చిత్రకారుడు ఆయన పటమును వ్రాసెను. అందు ఎఱ్ఱని దుస్తులలో దొరయు, ఆయన చుట్టును ముగ్గురు దేశీయులును, దూరమున గోమటేశ్వర విగ్రహమును గలవు. ఆ ముగ్గురిలో మన లక్ష్మయ్య యొకడని పెద్దలు గుర్తించియున్నారు. ఆ పటము లండనులో నున్నది. మఱుసటి యేట మెకంజీ తన కాగితములతోను, లక్ష్మయ్య మొదలగువారితోను కలకత్తాకు మకాము మార్చెను. ఉన్నదానిని తానే క్రమపఱచి పట్టిక వ్రాయవలెనని ఆయన ఆశ. ఆరోగ్యము సాగనీయలేదు. 1821 మే 8 న హుగ్లీనదిమీద పడవలో పోవుచు మరణించెను. కలకత్తాలోని పార్కు వీధి శ్మశానవాటికలో ఆయన సమాధి గలదు.

ఆయన విడిచిపోయిన సంగ్రహపు లెక్కను చూడుడు. గ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనముల నకళ్లు 8,076, ఇంగ్లీషు తర్జుమాలు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218. వీనిని ఆయన భార్యవద్దనుండి కుంఫిణీవారు కొనిరి. విల్సను పండితుడు 1828 లో పట్టికను రెండు సంపుటములుగా అచ్చువేసెను. కొంతభాగము లండనుకు పోయెను, కొంత కలకత్తాలో నిలిచెను, దక్షిణదేశపు వ్రాతలు చెన్నపట్టణమునకు తిరిగివచ్చెను.

లక్ష్మయ్య కథ ఇచ్చటితో ముగిసిన బాగుండెడిది. ఆయన చెన్నపట్టణమునకు మరలివచ్చి, హిందూ సాహిత్యసంఘమును స్థాపించి, నిలిచిపోయిన సంగ్రహకార్యమును తనచేత సాగింపనిమ్మని దొరతనమువారిని వేడెను. కార్యము నడిపినవాడతడు, ప్రతి కట్టలో నేమున్నదో ఎఱిగినవాడతడు. 1836 లో ఆ మనవి కలకత్తాలోని ఆసియా సంఘము అభిప్రాయమునకు పోయెను. బ్రాహ్మీలిపిని చదివి జగత్ప్రసిద్ధినొందిన జేమ్సు ప్రిన్సెప్ ఆ సంఘపు కార్యదర్శి. వస్తువులను తెచ్చియిచ్చుటకు దేశీయుడు చాలును గాని, వానిని తూచి నిర్ణయించు పనికి తగడని వారు తేల్చిరి. ఆ కాగితములను పరిశీలించు పని చెన్నపట్టణపు పాదిరి విల్లియం టెయిలరుగారికి దక్కెను. టెయిలరుగారు శ్రమించి పట్టికలు వ్రాసినారు, సందేహము లేదు. అయినను లక్ష్మయ్యకు అన్యాయము జరిగినదని చెప్పక తప్పదు. ఆ ముప్పదియేండ్ల యనుభవము ఆయనతోనే మట్టిలో గలిసెను. తమ్ముడు రామస్వామి మాత్రము దక్కను కవుల జీవితములను ఇంగ్లీషున వ్రాసి 1829 లో కలకత్తాలో అచ్చు వేయించెను.

చెన్నపట్టణమందలి కట్టలకు చెద పట్టెను. సిరా కాగితమును తినివేసెను. మన బ్రౌనుదొర వానిని చూచి, లేఖకులను బెట్టి తిరిగి వ్రాయించియుండనిచో తెలుగు కైఫియతులలో చాలభాగము మనకు దక్కియుండెడిది గాదు. అవి చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తకాలయమునకు చేరినవి. తరువాతి కాలమున గుంటూరు కడప మండలముల కైఫియతులు పుస్తకరూపమున వెలువడినవి. కడపలో బ్రౌనుదొర నివసించిన తావున వెలసిన గ్రంథాలయమువారు కడప కైఫియతులను సంపుటములుగా ప్రకటించియున్నారు.

మెకంజీ మైసూరు కొలతలో నుండగనే, 1805 లో, లండను మిషనువారు క్రాను, డెగ్రాంజి యనువారు విశాఖపట్టణమున దిగిరి. వారి తెలుగు సువార్తలు 1812 లో శ్రీరామపురమున అచ్చయ్యెను. అప్పటికి ఇద్దఱును గతించిరి. వారికిని ఆనందరాయరు అను పండితుడు ప్రక్కన లేనిదే ఒక్క వాక్యమైనను సాగలేదు. ఆ కాలపు పనులన్నింటికిని ఒక బొఱ్ఱయ్య కావలసియుండెనని తోచును.

మన విశాఖపట్టణమునకు వత్తము. సింహాచలపు గోడలు మాటలాడును. కులోత్తుంగచోళుని కాలము మొదలుకొని అందు శాసనములున్నవి, వానిని పండితులు చదివియున్నారు. కార్మైకేల్‌దొర 1869 లోను, ఫ్రాన్సిసుదొర 1907 లోను జిల్లా వృత్తాంతములు వ్రాసిరి. కాని గోడలులేని యూళ్లు పలుకవు. మేఘాద్రిగెడ్డ సముద్రమున గలియు బురదనేలను త్రవ్వి రేవు చేసి, 1933 లో ఓడలను రానిచ్చిరి. 1971 జనవరి 20 న ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి పడెను. ఆ రెంటివలన ఈ యూరు పెద్దదైనది, మన పిల్లలలో చాలమంది తండ్రులకు అన్నము దొరకినది. ఆ నేలమీద మునుపుండిన పల్లెలు లేచి గాజువాక, అగనంపూడి ప్రాంతముల కాలనీలకు పోయినవి. ఊరి చెఱువు కొలిమిక్రింద పడెను, గ్రామదేవత క్రొత్తచోట వెలసెను. ఆ యూళ్లలో పుట్టి, పొలిమేర రాయి ఎక్కడుండెనో చేతితో చూపగలవారు నేడు తాతలు, అవ్వలు. వారితో మాటలాడుటకు మిగిలియున్న కాలము పదిపదునైదేండ్లకు మించదు.

కావున మా సంచికలో వచ్చు సంవత్సరము ఎనిమిది పుటలను ఇందుకొఱకు విడిచియుంచితిమి. నిర్వాసిత కాలనీలనుండి వచ్చు విద్యార్థులును, జాలరిపేటల విద్యార్థులును సంక్రాంతి సెలవులలో తమ పెద్దలనడిగి, పాత యూరి పేరు, ఆ పేరెట్లు వచ్చినది, ఏ వీధిలో నెవరుండిరి, బావి, చెఱువు, గుడి, మసీదు, చర్చి ఏ దిక్కున నుండెను, ఊరు లేచిన దినమున ఏమి వెంట తెచ్చుకొనిరి, ఏమి విడిచివచ్చిరి యను సంగతులను వారు చెప్పిన మాటలలోనే వ్రాయవలెను. చెప్పినవారి పేరును, వయస్సును, వ్రాసిన తేదీని క్రింద చేర్చవలెను. ఇద్దఱు ముసలివారు రెండు విధములుగా చెప్పినయెడల రెంటిని వ్రాయుడు. ఏది సరియో మీరు తీర్పు చెప్పవద్దు. పాత పట్టా కాగితములుగాని, పెండ్లి శుభలేఖలుగాని, ఛాయాచిత్రములుగాని యున్నచో నకలు తీసికొని అసలును వెంటనే ఇంటివారికి ఇచ్చివేయవలెను. వ్రాతలను ఫిబ్రవరి మొదటివారములోగా తెలుగు పండితులకు అందజేయవలయును.